సుద్ద గని పక్కింట్లో కిరాయికి

గది చూపించిన రోజే ఇంటామె నాతో రెండు మాటలు చెప్పింది. "మీ గని దుమ్ము నా గడప దాటి లోపలికి రాకూడదు. మీ ప్రార్థన పాటలు నా గోడ దాటి ఇవతలికి రాకూడదు." మొదటిది నా చేతిలో లేదని నాకప్పుడు తెలియదు. రెండోది నా చేతిలోనే ఉంది. తర్వాత్తర్వాత కావాలనే దాటించాను.

అది నా మొదటి ఉద్యోగం. రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు. జియాలజీలో ఎమ్మెస్సీ అయిపోయి మధిరలో ఇంట్లో కూర్చున్నాను. ఆదివారం చర్చిలో కనబడిన ప్రతివాళ్లూ "ఇంకా ఏం రాలేదా అమ్మా" అని అడుగుతుంటే, ఆరాధన అవగానే పక్క తలుపు లోంచి బయటపడి ఇంటికొచ్చేసేదాన్ని. అట్లాంటప్పుడు, భద్రాచలం పోయే దారిలో, అడవి హద్దును ఆనుకుని ఒక చిన్న కంపెనీ తెల్ల సుద్ద తవ్వబోతోందని, గని ఎట్లా తవ్వాలో ప్లాను గీసే మనిషి కావాలని తెలిసింది. టైల్స్ ఫ్యాక్టరీలకు పోయే సుద్ద. అమ్మ వద్దంది. "అడవి పక్కన ఒక్కదానివి ఎట్లుంటవే" అని ఏడ్చింది. నేను పెట్టె సర్దుకుని బస్సెక్కాను.

గని మేనేజరు నడివయసు మనిషి. అంతకుముందు కంకర క్వారీల్లో పని చేసి వచ్చాడు. నన్ను చూడగానే నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తొంగి చూశాడు. ఎవరూ లేరని ఖాయమయ్యాక కుర్చీలో వెనక్కి వాలాడు.

"మగపిల్లగాడు దొరకలేదా వాళ్లకు?" అన్నాడు. నన్ను కాదు, టీ తెచ్చినతన్ని.

తర్వాత నాతో అన్నాడు. "చూడమ్మా, నువ్వు కాయితం మీద గీయి. ఆఫీసోళ్లకు చూపిస్తానికి కావాలె గద. తవ్వుడు సంగతి మేం చూసుకుంటం."

నేను లెవెల్ మెషిను పట్టుకుని ఆ నేలంతా తిరిగాను. ఉత్తరాన ఫారెస్టు హద్దు రాళ్లు. వాటి వెనక గుట్టలు, టేకు, తునికి. అక్కడి నుంచి నేల దక్షిణంగా వాలుతూ వచ్చి వాగు దగ్గర ఆగేది. మీద ఎర్రమట్టి, కింద సుద్ద. వాగు దగ్గరికి పోయినకొద్దీ ఎర్రమట్టి పొర పలచబడి, పారతో గీరితేనే సుద్ద కనబడేది. వాగు వెంట దిగువకు పోతే ఊరి పొలాలు, ఇంకాస్త దిగువన ఒక గూడెం. ఆ గూడెం వాళ్లు వాగు ఇసకలో చెలమలు తీసి తాగే నీళ్లు పట్టుకునేవాళ్లు.

నా ప్లాను సగానికి సగం నీళ్ల గురించే. గుట్టల మీద కురిసిన వాన గనిలోకి దిగకుండా పై అంచు వెంట కాలువ తీసి పక్కకు మళ్లించాలి. గనిలో పడ్డ వాన ఒక మూలకే చేరేట్టు అడుగుకు వాలు పెట్టి తవ్వాలి. ఆ మూల నుంచి తోడిన నీళ్లను నేరుగా వాగులోకి వదలకూడదు. సుద్ద కలిసిన నీళ్లు మామూలు బురదనీళ్లలాగా పూటలో తేటపడవు, పాలల్లే అట్లాగే ఉంటాయి. అందుకని ఒకదాని తర్వాత ఒకటి రెండు పెద్ద గుంటలు తవ్వాలి. మొదటిదాంట్లో మడ్డి దిగి, రెండోదాంట్లో నీళ్లు తేరాక, అప్పుడు వాగుకి. ఆ తేట నీళ్లనే ట్యాంకరుకెత్తి లారీల బాట మీద చల్లితే దుమ్మూ లేవదు. వాగు ఒడ్డున ఒక పట్టీ నేలని ఎన్నడూ ముట్టుకోకూడదు. గీసినదాన్ని గోడకు అతికించి, దూరంగా నిలబడి చూసుకుని మురిసిపోయాను.

మేనేజరు దాన్ని నిలబడే చూశాడు. కూర్చోనైనా లేదు.

"సుద్ద వాగు కాడ మీద్నే ఉంటే, ఎగువకు పోయి ఎర్రమట్టి ఎత్తిపోసుడెందుకు?"

"వాగు పక్కన తవ్వితే మొదటి వానకే వాగు గనిలోకి వస్తది సార్."

"వానలు ఎప్పుడో. లారీలు రేపొస్తున్నయి."

ఆఖరికి వాగు పట్టీ ఒక్కటి వదిలాడు. అది కూడా గనుల ఆఫీసువాళ్లు వచ్చి కొలుస్తారన్న భయానికి. కాలువ, గుంటలు, అడుగు వాలు, అన్నీ "వానల్లోపల చేద్దాం" అన్నాడు. నేను గుంటల కోసం సున్నంతో గీత గీసిన చోట, మరుసటి వారం సుద్ద గుట్ట పోయించాడు. అడిగితే, "చదును జాగ అదే ఉంది మేడం" అన్నాడు. "అమ్మా" నుంచి "మేడం"కి మారినప్పుడల్లా అతనికి నా మీద కోపమొచ్చిందని తర్వాత తెలుసుకున్నాను.

ఇంటామె సంగతి చెప్పాలి. వాళ్ల మామగారి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. భర్త పోయాక వ్యవసాయమంతా ఆమే చూసుకునేది. యాభై దాటినా కూలీలకంటే ముందే చేలో ఉండేది. మాట ఇంకా అటువైపు మాటే. ఆమె మిరప చేను మా గనికి అంచు. లీజుకిమ్మని కంపెనీ అడిగితే, వచ్చినవాళ్లకి మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పంపించిందట.

"మరి నాకు గది ఎందుకిచ్చారు పెద్దమ్మగారూ?" అని ఒకసారి అడిగాను.

"ఎదురుగా ఉంటే తిట్టడానికి వీలుగా ఉంటుందని," అంది. నవ్వలేదు.

ఎండాకాలం వచ్చింది. లారీలు రోజంతా తిరిగేవి. మెత్తగా నలిగిన సుద్ద బాట మీద పొడిలా పరుచుకుని, చక్రం తగలగానే లేచేది. లారీ పోయాక కూడా చాలాసేపు గాలిలో నిలబడి, తీరిగ్గా పక్క చేలమీద దిగేది. మిరప ఆకులు బూడిద పూసినట్టుండేవి. నా జుట్టు, నా కనుబొమలు, నా అన్నం. ట్యాంకరు ఒకటుంది కానీ, అది లారీలు తూచే కాటా దగ్గర కడుతున్న గదికి నీళ్లు మోసేది. కంపెనీ యజమాని వస్తున్నాడని ఫోను వచ్చిన పూట మాత్రం బాట తడిపేవాళ్లు.

మామిడికాయల రోజుల్లో ఇంటామె డాబా మీద మాగాయ ముక్కలు ఎండబెట్టింది. ఉప్పులో ఊరినవి, చాపల మీద వరసగా. రెండో రోజు మధ్యాహ్నం గాలి మా వైపు నుంచి తిరిగింది. నేను గదిలో కూర్చుని గని అడుగు కొలతలు గీస్తున్నాను. తలుపు తోసుకుని చాటతో లోపలికొచ్చింది. చాటను నా కాగితం మీద బోర్లించింది. ముక్కలు తెల్లగా, పిండి అద్దినట్టున్నాయి. ఉప్పు నీరు నా గీతల మీద పాకింది.

"తిను," అంది.

"పెద్దమ్మగారూ, నేను చెప్తూనే ఉన్నాను వాళ్లకి..."

"తినమన్నాను."

"మేనేజరుని అడగండి. ట్యాంకరు ఆయన చేతిలో ఉంది."

"మేనేజరెవడో నాకు తెలీదు. నాకు తెలిసిన కంపెనీవి నువ్వే. రోజూ నా ఇంట్లో పడుకుని లేచేది నువ్వే."

నేను తినలేదు. ఆమె వెళ్లిపోయాక ముక్కలన్నీ ఏరి, కాగితం మడిచి, ఆ తడి కాగితంతోనే సైటుకి పోయాను. నా ఒళ్లంతా మండుతోంది. ఆమె మీద మంట, అతని మీద మంట, ఏది ఎక్కువో చెప్పలేను. మేనేజరు భోజనానికి పోయాడు. నేను పోయి లారీల బాటకు అడ్డంగా నిలబడ్డాను.

మొదటి లారీ హారను కొట్టింది. రెండోది దాని వెనక ఆగింది. డ్రైవర్లు దిగారు.

"ఏంది మేడం, జరుగు."

"బాట తడిపినంక పొండి."

"మాకు ట్రిప్పులు పోతయి. నీకేం, నెల కాంగనే జీతమొస్తది."

ఒకతను చాలా పచ్చిగా తిట్టాడు. నేను వినబడనట్టు నిలబడ్డాను కానీ ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. మేనేజరు వచ్చేసరికి లారీల వరస రోడ్డు దాకా పోయింది. అతను నన్ను చూసి, లారీలను చూసి, "ట్యాంకరు తెప్పియ్యిర్రి" అని అరిచాడు. నన్ను దాటుకుంటూ మెల్లగా అన్నాడు. "తడిపిస్త మేడం. మంచిగ తడిపిస్త."

అన్నమాట నిలబెట్టుకున్నాడు. ఆ ఎండల్లో గనిలో నీళ్లెక్కడివి? సుద్ద గుట్ట పక్కన కంపెనీ బోరు ఉంది. అది ఇంటామె పెరటి బావికి కూతవేటు దూరం. ఆ బోరును పొద్దస్తమానం నడిపించి, అవసరం ఉన్నా లేకపోయినా బాట మీద నీళ్లు గుమ్మరించాడు. దుమ్ము తగ్గింది. బాట బురదయింది. బావిలో నీళ్లు దిగాయి. ముందు తాడు చాలలేదు, తాడు పొడుగు చేస్తే చేద నేల గీరుకుంది.

నేను పోయి అతన్ని అడిగాను. "ఇన్ని నీళ్లక్కర్లేదు సార్. లారీలు నెమ్మదిగా పోతే, సుద్ద మీద పరదాలు కడితే, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి చల్లితే చాలు."

"నువ్వే గద రోడ్డు మీద నిలబడ్డవు? ఇప్పుడు నువ్వే వద్దంటవు. ఏదో ఒకటి ఖాయం చెయ్యి మేడం."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

ఇంటికొచ్చేసరికి బావి గిలక మీద తాడు లేదు. ఇంటామె వరండాలో కూర్చుని చిక్కుళ్లు వలుస్తోంది.

"తాడేదండీ?"

"తీసేశాను. ఉన్న నాలుగు చేదలూ మాకే చాలవు."

"నేను స్నానం చెయ్యాలి కదా?"

"దుమ్ముకి పోశారుగా నీళ్లన్నీ. పోయి ఆ రోడ్డు మీద పొర్లు."

ఆ రోజు నుంచి సైటులో క్యాన్లు నింపుకుని సైకిలు మీద కట్టుకుని తెచ్చుకునేదాన్ని. ఆమె వరండాలోంచి చూస్తూ కూర్చునేది, సినిమా చూసినట్టు. కంపెనీ నాకు వేరే గది వెతికింది, దొరకలేదు. దొరికినా వెళ్లేదాన్ని కాదేమో. నన్ను వెళ్లగొట్టిందన్న తృప్తి ఆమెకి ఇవ్వదలచుకోలేదు. ఆదివారం చర్చికి పోవాలంటే పొద్దున్నే బస్సు పట్టుకోవాలి. అది తప్పిపోయిన ఆదివారాల్లో తలుపులు బార్లా తెరిచి, గొంతెత్తి పాటలన్నీ పాడాను. దేవుడి మీద అంత భక్తితో కాదు. ఆమె వంటింట్లో గిన్నెలు విసురుతూ జవాబు చెప్పేది.

వానలు దగ్గరపడుతుంటే కాలువ గురించి మళ్లీ మొదలుపెట్టాను. ఫోన్లు చేశాను, కంపెనీ పెద్ద ఆఫీసుకి చెప్పాను. అక్కడి నుంచి మేనేజరుకి ఒక మాట వచ్చింది. పై అంచు వెంట పొక్లెయిను పెట్టి కాలువ మొదలుపెట్టాడు. గని సగం పొడుగు దాటిందో లేదో, పొక్లెయిన్ని మళ్లీ కిందకి దింపాడు. సుద్ద ఎత్తకపోతే లారీలు ఖాళీగా నిలబడుతున్నాయట.

"సగం కాలువ తీస్తే అసలు తీయనిదానికంటే అన్యాయం సార్," అన్నాను. "గుట్ట మీది నీళ్లన్నీ పోగుచేసి ఒక్క చోట గనిలోకి వదిలినట్టయితది."

"నీకు వానంటే భయమెక్కువ మేడం. గొడుగు తెచ్చుకో."

తొలకరి పెద్దగా ఏమీ చెయ్యలేదు. దాని తర్వాత ముసురు పట్టింది. కొన్ని రోజులు ఆకాశం తెరిపి ఇవ్వలేదు. ఊళ్లో అప్పుడే నారుమళ్లు పోశారు. ఒకరోజు పొద్దున గొడుగు తిరగబడుతుంటే సైటుకి నడిచి పోయాను. గుట్టల నీళ్లు సగం కాలువలో పరుగెత్తి వచ్చి, కాలువ ఆగిన చోట గనిలోకి జలపాతంలా దూకుతున్నాయి. గని అడుగంతా తెల్లటి చెరువు. ఒక మూల పొక్లెయిను గొలుసులు మునిగే దాకా నీళ్లలో నిలబడి ఉంది. గని గట్టు మీద డీజిలు పంపు అరుస్తోంది. దాని పైపు వెంట నడిచాను. పైపు కొస వాగు ఒడ్డున వేలాడుతోంది. వాగు ఎర్రగా వస్తోంది పై నుంచి. ఆ పైపు దాటాక తెల్లగా పోతోంది.

పరుగెత్తుకుని పంపు దగ్గరికొచ్చాను.

"ఎవరు పెట్టమన్నరు?" అని పంపు నడిపే అతన్ని అడిగాను.

"సార్ చెప్పిండు మేడం. చీకటితోటే పెట్టిన."

"బంద్ చెయ్యి."

"సార్ వచ్చినంక చేస్త. నా నౌకరీ పోతది మేడం."

నేనే ఆపాను. ఆ ఇంజను చేత్తో తిప్పి మొదలుపెట్టేది. తిప్పే ఇనుప హ్యాండిల్ పక్కనే గోనె మీద ఉంది. దాన్ని చేతిలోకి తీసుకున్నాను. చప్పుడు ఆగిపోయిందని కాబోలు, మేనేజరు జీపు వేసుకుని వచ్చేశాడు.

"ఎవడు బంద్ జేసిండు?"

"నేను."

"పొక్లెయిన్ మునుగుతున్నది, కనబడ్తలేదా? మునిగితే మీ నాయన తెస్తడా ఇంకోటి?"

"వాగు చూడండి ఒక్కసారి. కిందికి గూడెమోళ్లు ఆ నీళ్లే తాగుతరు."

"వానకాలంల వాగు రంగు మారదా? ఎవడికి తెలుస్తది? అరే, జల్దీ పెట్టురా."

పంపు అతను హ్యాండిల్ కోసం చెయ్యి చాపాడు. నేనివ్వలేదు. మేనేజరు వచ్చి నా మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు. నొప్పికి కళ్లలో నీళ్లొచ్చాయి. రెండో చేతిలోకి మార్చుకుని, ఉన్న బలమంతా పెట్టి హ్యాండిల్‌ని గనిలోకి విసిరేశాను. ఆ తెల్లనీళ్లలో అది పెద్ద చప్పుడు కూడా చెయ్యకుండా మునిగిపోయింది.

అతను చెయ్యెత్తాడు.

"కొట్టండి," అన్నాను.

కొట్టలేదు. నా మీద జాలితో కాదు, వాగు గట్టు మీద జనం కనబడ్డారు. ఊరివాళ్లు, వాళ్ల వెనక గూడెం ఆడవాళ్లు ఖాళీ బిందెలతో. అందరికంటే ముందు మా ఇంటామె, చీర మోకాళ్ల దాకా బురదతో, చేతిలో బకెట్టు. మేనేజరు జీపు వైపు రెండడుగులు వేసి ఫోను తీశాడు. పంపు పక్కన నిలబడి ఉన్నది నేనొక్కదాన్నే.

ఆమె నేరుగా నా దగ్గరికొచ్చి బకెట్టు నా నెత్తిన కుమ్మరించింది. చల్లగా, జిగటగా, కళ్లలోకి, నోట్లోకి. సుద్ద రుచి మీకు తెలియదనుకుంటాను. నాలుకకు అతుక్కుంటుంది.

"నా నారుమడి నీళ్లు ఇవి," అంది. "నారంతా సున్నం కొట్టినట్టుంది. పోయి చూడు."

పంపు నడిపే అతను భయపడుతూనే ముందుకొచ్చాడు. "అమ్మా, పంపు బంద్ జేసిందే ఈ మేడం. హ్యాండిల్ గుడ నీళ్లల్ల పారేసింది."

"ఇప్పుడు ఆపిందా? మొదలుపెట్టినప్పుడు ఎక్కడుంది?"

"మీ ఇంట్లోనే ఉన్నాను," అన్నాను. "పడుకుని ఉన్నాను. నిద్రలో కూడా గని కాపలా కాయాలా?"

"కాయాలి. నీ ప్లానేగా ఇదంతా."

అప్పుడు నాలో ఏదో తెగింది. ముఖం తుడుచుకుని నేనూ అరిచాను. కాలువ తవ్వమని మొత్తుకున్నప్పుడు ఒక్కరొచ్చారా? సుద్ద మోసే లారీల్లో సగం మీ ఊరివాళ్లవి కావా? ట్రిప్పులు ఆగితే నన్ను బూతులు తిట్టింది మీవాళ్లు కాదా? వెనక నిలబడ్డ మగవాళ్లలో కొందరు నేల చూశారు. ఆమె మాత్రం కన్ను తిప్పలేదు.

"అందులో నా లారీ ఒక్కటన్నా ఉందా?"

"లేదు."

"అయితే నా ముందు అరవకు."

గూడెం ఆడమనిషి ఒకామె నన్ను పైనుంచి కిందికి చూసి, వాళ్ల భాషలో ఏదో అని, నా కాళ్ల దగ్గర ఉమ్మేసింది. ఆ భాష నాకు రాదు. రానవసరం లేకపోయింది.

జనం పోయి లారీల బాట మీద కూర్చున్నారు. గని ఆగిపోయింది. రెవెన్యూవాళ్లు, గనుల ఆఫీసువాళ్లు వచ్చారు. గూడేనికి నీళ్లు కంపెనీ ట్యాంకరుతోనే పంపాలన్నారు. రేకుల షెడ్డులో అధికారి ముందు నా ప్లాను పరిచాను. నేను నోరు తెరిచేలోపే మేనేజరు వేలు పెట్టి చూపించాడు. "ఇదే సార్ మా ప్లాను. కాలువ, రెండు గుంటలు, అన్నీ అనుకున్నవే. వానలతోటి కొద్దిగ ఆలస్యమైంది."

"మంచి ప్లానే," అన్నాడు అధికారి, అతన్ని చూస్తూ.

"ఆలస్యం కాలేదు సార్, ఆపించారు," అన్నాను. "గుంటలు తవ్వాల్సిన చోట సుద్ద పోయించింది ఎవరో ఈయన్ని అడగండి. ఇవాళ్టి దాకా గుంట ఒక్క పార కూడా తవ్వలేదు."

అధికారి ఇబ్బందిగా కాగితాలు సర్దుకున్నాడు. "మీ గొడవలు మీరు చూసుకోండి. ఇవన్నీ అయ్యేదాకా తవ్వకం లేదు," అని లేచాడు.

సుద్ద గుట్టను తీసేసి, నేను మొదట గీత గీసిన చోటే గుంటలు తవ్వారు. ఆ బురదలో మోకాళ్ల దాకా దిగి కొలతలు చూసింది నేనే. మేనేజరు గట్టు మీద గొడుగు కింద నిలబడి, వచ్చినవాళ్లందరికీ "నేను ముందే చెప్పిన" అని చెప్పేవాడు. కాలువ పూర్తయింది. గుట్టల నీళ్లు గనిని చుట్టుకుని పక్క ఒర్రెలోకి పోయాయి. రెండో గుంట నుంచి వాగులోకి మొదటిసారి నీళ్లు వదిలిన రోజు, ఒడ్డున కూర్చుని చాలాసేపు చూశాను. అడుగున గులకరాళ్లు కనబడుతున్నాయి. నాకు సంతోషంగా ఉండాలి. ఎవరినైనా పిలిచి చూపించాలనిపించింది. పిలిస్తే వచ్చే మనిషి ఆ చుట్టుపక్కల ఒక్కరూ లేరు.

ఇంటామె నారు మొత్తం పోయింది. వేరే ఊరి నుంచి నారు తెచ్చి ఆలస్యంగా నాటింది. ఆ ఏడు పంట సరిగ్గా రాలేదని పనివాళ్లు అనుకుంటుంటే విన్నాను. నాతో ఆ మాట అనలేదు. నాతో ఏ మాటా అనలేదు. వానలకు బావి నిండింది, గిలక మీదికి తాడు తిరిగొచ్చింది. చేదను మాత్రం వంటింట్లో పెట్టుకుంది. కావాలంటే నేను పోయి అడగాలి. అడగలేదు. సంతకు పోయి నా చేద నేనే కొనుక్కొచ్చుకున్నాను. ఒకే బావి, రెండు చేదలు. ఒకరు తోడుతుంటే ఇంకొకరు తలుపు వెనక ఆగేవాళ్లం.

సైటులో నా బల్లను కాటా గదిలోకి మార్చారు. లారీలు వచ్చి ఆగేది అక్కడే, దుమ్ము అంతా అక్కడే. "మేడంకు దుమ్ము మీద మస్తు శ్రద్ధ, దగ్గర ఉండి చూసుకుంటది," అన్నాడు మేనేజరు. మర్నాడు ట్యాంకరును కాటా గది ముందే ఆపించి, బాట తడిపారని నేను సంతకం పెట్టేదాకా లారీ కదలకూడదని రూలు పెట్టాను. అతను కుతకుతలాడిపోయాడు. పెద్ద ఆఫీసు ఈసారి నా మాట విన్నది, మళ్లీ అధికారులు వస్తారన్న భయంతో. అతన్ని తీసెయ్యలేదు, నన్నూ తీసెయ్యలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఒక ఏడాది ఆ గని నడిపాం. ప్లాను ప్రకారమే నడిచింది. ఆ తర్వాతి వానలకు వాగు తెల్లబడలేదు.

ఇంకో చోట, భూగర్భజలాల సర్వేలో పని దొరికింది. చెప్పగానే మేనేజరు, "మంచిది," అని కుర్చీ అటు తిప్పుకున్నాడు. పంపు నడిపే అతను ఒక్కడే జీపు దాకా వచ్చి, "పొయ్యిరండి మేడం," అన్నాడు. హ్యాండిల్ పోయినందుకు అతని జీతంలోంచి పట్టుకున్నారని అప్పుడు చెప్పాడు. ఏడాదిగా నాకా సంగతి తెలియదు. ఇస్తానంటే తీసుకోలేదు, ముఖం తిప్పుకుని వెళ్లిపోయాడు.

గది ఖాళీ చేసేటప్పుడు ఇంటామె గుమ్మంలో నిలబడింది. నేను పెట్టె మూస్తుంటే గది నలుమూలలా చూసింది.

"గోడకి మేకులు కొట్టావు."

"క్యాలెండరుకి కొట్టాను."

"పీకి వెళ్లు."

రాయి తెచ్చి పీకాను. మేకుతో పాటు గచ్చు పెళ్లలు రాలాయి.

"ఇప్పుడు చిల్లులు పడ్డాయి," అంది.

"ఉంచినా తిడతారు, పీకినా తిడతారా?"

"అవును," అంది. చెయ్యి చాపింది. తాళంచెవి ఆ చేతిలో పెట్టకుండా కిటికీ గట్టు మీద పెట్టి బయటికొచ్చాను. వెనక తలుపు గట్టిగా వేసిన చప్పుడు రోడ్డు దాకా వినిపించింది.

ఖమ్మం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. పక్కనామె ఎక్కడిదాకా అమ్మా అని అడిగితే విసురుగా ఏదో చెప్పాను, పాపం ఆమె మళ్లీ మాట్లాడలేదు. ఊరు దాటినా, అడవి దాటినా, నేను ఇంకా లోలోపల ఇంటామెతో తగువాడుతూనే ఉన్నాను. అప్పుడు నోటికి రాని జవాబులన్నీ ఒక్కొక్కటే గుర్తుకొస్తున్నాయి.